శోధనయు సమ్మతియు

మనస్సునం దొక చెడుతలంపు పుట్టినంతనే మనుష్యుడు పాపి యగునా? లేక ఆ తలంపు చేతగా మాఱినప్పుడు మాత్రమే పాపి యగునా? ఈ ప్రశ్న పండితుల వాదమునకే చెందినదని కొందఱు తలంతురు. అది సరి కాదు. ఇంటికి దూరముగ నుండి కూలి చేసికొను సంసారికిని, చేతిలో ఫోను పట్టుకొని యొంటరిగ రాత్రి గడపు యువకునకును, మగడు పరదేశమున నుండగా ఇరుగుపొరుగువారి కన్నుల నడుమ కాలము గడపు ఇల్లాలికిని ఇది దినదినమును ఎదురగు ప్రశ్న. దీనికి క్రైస్తవధర్మ మిచ్చిన ప్రత్యుత్తరము లోకమున మిక్కిలి ప్రసిద్ధమైనది. ప్రసిద్ధమైనంతగా తప్పుగ గ్రహింపబడినదియు నదియే. కావున దానిని నిదానముగ విచారింపవలసి యున్నది.

కడప సీమలోని రాయచోటి మాండవ్యనది యొడ్డున నున్న పాతయూరు. వీరభద్రస్వామి కోవెలచే ప్రసిద్ధి కెక్కినది. చుట్టును మెట్టపొలములు; వాన కురిసిన యేట వేరుసెనగ పండును, కురియని యేట అప్పు పండును. ఈ కారణముననే చాల యేండ్లుగ ఈ ప్రాంతమునుండి జనులు కువైటునకు పోవుచున్నారు. పురుషులు బండ్లు నడుపుటకును కట్టుబడిపనులకును, స్త్రీలు అరబ్బుల యిండ్లలో వంటకును పిల్లలను సాకుటకును పోవుదురు. రెండేండ్లకో నాలుగేండ్లకో యొకమారు సెలవుపై వత్తురు. వారు పంపిన సొమ్ముతో మిద్దెలు లేచినవి, ఆడుబిడ్డల పెండ్లిండ్లు జరిగినవి, పిల్లలు కళాశాలలకు పోయిరి. కాని భార్యాభర్తలు ఒకే కప్పు క్రింద నున్న దినములను లెక్కించినచో, కొన్ని కాపురములలో పదియేండ్లకు పదినెలలు కూడ తేలవు.

అట్టి కాపురము గల యువకు డొకడు, క్రైస్తవకుటుంబమున పుట్టినవాడు, సెలవుపై వచ్చి యుండగా నన్ను చూడ వచ్చెను. చాలసేపు వానలను గూర్చియు బోరుబావులను గూర్చియు మాటలాడి, తుదకు తల వంచుకొని యిట్లనెను: “అయ్యా, మోహపుచూపు చూచినవాడు అప్పటికే వ్యభిచారము చేసినవాడని ప్రసంగములో వింటిని. నాలుగేండ్లు నేనక్కడ నుంటిని. నా చేయి తప్పుదారికి పోలేదు. కన్నులు పోయినవి, తలంపులు పోయినవి. పాపము అప్పుడే జరిగిపోయి యుండినచో, ఇక చేతిని పట్టి యుంచుకొనుటవలన ప్రయోజనమేమి? పడినవాడును పడక నిలిచినవాడును ఒకటేనా?” నేను ప్రత్యుత్తరమును వెదకుకొనుచుండగనే అతడు మరల, “ఇంకొక మాట, అయ్యా. నా భార్య రాత్రులయందు ఫోనులో ఎవరితోనో మాటలాడుచున్నదని మా యమ్మ చెప్పుచున్నది. నాకు నిద్ర పట్టుట లేదు” అనెను.

ఒకే నోటినుండి రెండు ప్రశ్నలు వచ్చినవి. మొదటిది తన పాపమును గూర్చినది, రెండవది భార్య పాపమును గూర్చినది. ఆ రెంటికి నడుమ నున్న సంబంధ మతనికి కానరాలేదు. అది యేమో తెలుపుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

మత్తయి సువార్తలో అయిదవ అధ్యాయము మొదలు ఏడవ అధ్యాయమువఱకు నున్న బోధకు కొండమీది ప్రసంగమని పేరు. అందు యేసు మోషే ధర్మశాస్త్రములోని ఆజ్ఞలను చేతబట్టి, ఒక్కొక్కదాని వేరు ఎచ్చట నున్నదో త్రవ్వి చూపును. నరహత్య చేయరాదని శాస్త్రము చెప్పినది. ఆయన మనస్సులో నిలుపుకొన్న కోపమువఱకు పోవును. వ్యభిచారము కూడదని శాస్త్రము చెప్పినది. ఆయన చూపువఱకు పోవును. ఇది పూర్వశాస్త్రమునకు విరుద్ధమైన క్రొత్తమాట కాదు. పది యాజ్ఞలలోనే పొరుగువాని భార్య నాశింపరాదని వేఱుగ నొక యాజ్ఞ కలదు. యోబు గ్రంథములో నా భక్తుడు తన కన్నులతో నిబంధన చేసికొన్నట్లు చెప్పును. యేసు చేసిన దేమన, చేతిని గూర్చిన యాజ్ఞకును మనస్సును గూర్చిన యాజ్ఞకును నడుమ నున్న గోడను తీసివేయుట.

ఇచ్చట నొక సూక్ష్మము కలదు. మూలగ్రంథపు భాష గ్రీకు. ఆ వాక్యములో చూచుట యను క్రియకు ప్రక్కన, ఆశించుటకై, అనగా ఆశను రేపుకొను ఉద్దేశముతో, అను నర్థమిచ్చు మాట యున్నది. కన్ను తెఱచి యున్నవానికి ఎదుటనున్నది కానవచ్చును. కానవచ్చుట వేఱు, కోరి చూచుట వేఱు. అందమును అందముగ గుర్తించుటను ఆ వాక్యము నిందింపలేదు. ఆశకు వాడిన గ్రీకుపదము కూడ స్వభావముచే చెడ్డది కాదు. తన మరణమునకు ముందు శిష్యులతో కలిసి పస్కాభోజనము చేయవలెనని తనకు గల మిక్కిలి కోరికను చెప్పునపుడు యేసే యా పదమును వాడినట్లు లూకా వ్రాసెను. మన భాషలోను ఇట్లే కదా! కామము అరిషడ్వర్గములలో మొదటి శత్రువు. చతుర్విధ పురుషార్థములలో మూడవదియు నదియే. కోరిక యుండుట దోషము కాదు. అది యెవరిపై, ఏ యుద్దేశముతో, ఎవరి హక్కును మీఱి పోవుచున్నది యనునదియే విచారింపదగినది.

కావున మోహపుచూపు అనగా నేమి? ఎదుటనున్న స్త్రీ యొక మనుష్యురాలనియు, ఆమెకును ఒక మనస్సు, ఒక యిల్లు, ఒక దుఃఖము కలవనియు మఱచి, ఆమెను తన తృప్తికొఱకైన వస్తువుగ చేసికొను చూపు. భగవద్గీత మూడవ అధ్యాయములో, కర్మేంద్రియములను బిగబట్టి మనస్సులో విషయములనే తలంచుచు కూర్చుండువానిని మిథ్యాచారుడని నిందించుట మన మెఱుగుదుము. చేతిని కట్టివేసి మనస్సును వదలిపెట్టుట నిగ్రహము కాదనుటలో రెండు గ్రంథములును ఏకీభవించుచున్నవి. గీత అచ్చట ముఖ్యముగ ఆ మనుష్యుని తన ఆత్మకు కలుగు హానిని చూపినది. కొండమీది ప్రసంగమునందు ఆ హాని యింకొకరికిని చెందుచున్నది: చూడబడిన యామె విషయమున అపరాధము జరిగినదని యా వాక్యముయొక్క తీర్పు. ఆమెకు తెలియకపోవచ్చును. తెలియనంత మాత్రమున అన్యాయము న్యాయము కాదు.

అయినచో తలంపు పుట్టినంతనే పాపము పూర్తి యైనట్లా? కాదు. 354 మొదలు 430 వఱకు జీవించిన అగస్టీను, ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణపు బిషప్పు, ఈ ప్రసంగమునకు వ్యాఖ్యానము వ్రాయుచు పాపమునకు మూడు మెట్లున్నవని చెప్పెను. మొదటిది ప్రేరణ, రెండవది దానియందలి సంతోషము, మూడవది సమ్మతి. దీనిని మన యిండ్ల రీతిగ చెప్పుకొనవచ్చును. వీధిని పోవువాడు వాకిటివఱకు వచ్చుట యొకటి. వచ్చినవాడు అరుగుపై కూర్చుండగా అతని కబురులు మనకు ఇంపుగ నుండుట యొకటి. తలుపు తీసి లోపలికి పిలిచి పీట వేయుట యొకటి. వాకిటికి వచ్చినవానికి మనము బాధ్యులము కాము. అరుగుపై నెంతసేపు కూర్చుండనిత్తుమో దానికి కొంత బాధ్యులము. పీట వేసినందుకు పూర్తిగ బాధ్యులము. 4వ శతాబ్దమున ఐగుప్తు ఎడారిలో తపస్సు చేసిన ఎవాగ్రియసు మనుష్యుని బాధించు దుష్టతలంపులను ఎనిమిదిగ లెక్కించి, అవి వచ్చుట మన వశమున లేదనియు, వానిని నిలుపుకొనుటయో త్రోసివేయుటయో మన వశమనియు బోధించెను. ఎడారిలో స్త్రీ మొగమే చూడని సన్న్యాసికి సైతము ఆ తలంపులు తప్పలేదని దీనివలన తెలియుచున్నది.

యేసే శోధింపబడెనని సువార్తలు చెప్పును. నలువది దినము లుపవాసముండి ఆకలిగొన్న సమయమున అపవాది వచ్చి రొట్టెను, కీర్తిని, రాజ్యములను చూపెను. ఆయన అన్నివిషయములలో మనవలెనే శోధింపబడియు పాపము లేనివాడుగ నుండెనని హెబ్రీయులకు వ్రాసిన పత్రికలో నున్నది. దీనినిబట్టి శోధనయే పాపమని చెప్పువాడు, తెలియకయే తన గురువును పాపి యనుచున్నాడు. యాకోబు పత్రికయు ఈ వరుసనే చూపుచున్నది: ఆశ గర్భము దాల్చును, పాపమును కనును, పాపము పెరిగి మరణమును కనును. గర్భము దాల్చుటకు ఇరువురు కావలెను. ఆశ యొకటి, దానికి లొంగిన చిత్త మొకటి.

తెలుగు బైబిలులో శోధన యను మాట యుండుట మన అదృష్టము. విశాఖపట్టణమునకు 1805లో వచ్చిన లండను మిషనువారగు క్రాను, డిగ్రాంజిసులు, క్రైస్తవుడైన ఆనందరాయరను బ్రాహ్మణుని సాయముతో సువార్తలను తెనుగుచేయ మొదలిడిరి. వారి మూడు సువార్తలు 1812లో సిరాంపూరున అచ్చుపడినవి. 1822 నాటికి ఆ మిషనువారు కడపకును వచ్చిరి. అప్పటినుండి ఎందఱో సరిదిద్దిన తెలుగు బైబిలులో నిలిచిన యీ పదమునకు మూలమగు సంస్కృతధాతువున కర్థము శుద్ధిచేయుట. కంసాలి బంగారమును పుటము పెట్టుట శోధనమే, వైద్యుడు ధాతువుల దోషము తీయుట శోధనమే. గ్రీకు మూలపదమునకును పరీక్ష, ప్రలోభము అను రెండర్థములు కలవు. పుటములో పడినందుకు బంగారమును ఎవ్వరును నిందింపరు. ప్రభుప్రార్థనలో శోధనలోనికి తేవద్దని వేడుకొను వాక్యము, దేవుడే మనుష్యుని పాపములోనికి నడపునట్లు తోపించుచున్నదని 2017లో పోపు ఫ్రాన్సిసు ఆక్షేపించెను. ఇటలీలో 2020లో ఆరాధనపుస్తకమునందు ఆ వాక్యమును, శోధన కప్పగింపవద్దను నర్థము వచ్చునట్లు మార్చిరి. రెండువేల యేండ్ల తరువాతను ఈ యొక్క పదమును గూర్చి పెద్దలు తర్కించుచుండగా, కువైటులో బండి నడుపుకొను యువకుడు కలతపడుటలో వింత యేమున్నది?

ఇక అతని తర్కమునకు వత్తము. చూపును చేతయు ఒకటే యైనచో చేతిని బిగబట్ట నేల యని యతడడిగెను. ఆ ప్రసంగములోనే దీనికి ప్రత్యుత్తర మున్నది. కోపమును గూర్చియు యేసు అట్లే చెప్పెను గదా! సోదరునిపై కోపగించినవాడును తీర్పునకు పాత్రుడని విని, ఇక పొడిచిన నేమి యని యెవడైన కత్తి దూయునా? దూయడు. కోపమును హత్యయు ఒకే జాతివని చెప్పుట, రెండును ఒకే కొలత గలవని చెప్పుట కాదు. విత్తనమును వృక్షమును ఒకే జాతివి. విత్తనమును వ్రేళ్ళతో పెఱికివేయవచ్చును, వృక్షమునకు గొడ్డలి కావలెను. మన సీమలోని చెఱువుకట్టను చూచినవారికి ఇది తెలిసిన విషయమే. కట్టయడుగున చెమ్మ తోచినప్పుడే తట్టెడు మన్ను వేసి త్రొక్కినచో ఊరు నిలుచును. ఎట్లును చెమ్మ తగిలినది గదా, ఇక గండి పడిన నేమి యను కావలివానిని ఊరివారు క్షమింతురా? పడక నిలిచినవాని నిగ్రహము వ్యర్థము కాదు. అతని చేయి నిలిచినందున ఒక పరస్త్రీ కాపురము నిలిచినది, తన కాపురము నిలిచినది, పుట్టబోవు బిడ్డ తండ్రి లేనిది కాకపోయినది. లోపలి శుద్ధికొఱకు చెప్పిన మాటను బయటి కట్ట తెంపుటకు వాడుకొనుట శోధనలలో నెల్ల నేర్పుగల శోధన.

దీనికి ఎదుటి దిక్కున మఱియొక పొరపాటు కలదు. కుడికన్ను ఆటంకమైనచో దానిని పెఱికి పాఱవేయుమని యా ప్రసంగమునందే యున్నది. దీనిని అక్షరార్థముగ గ్రహించినవారును కలరు. 3వ శతాబ్దపు మహాపండితుడగు ఒరిజెను యౌవనమున తన దేహమును తానే ఛేదించుకొనెనని చరిత్రకారుడగు యూసీబియసు వ్రాసెను. 325లో నైసియా నగరమున కూడిన సభ, తమ్ముతాము అట్లు ఛేదించుకొన్నవారు గురుపదవికి తగరని తన మొదటి నియమముగ శాసించెను. ఇది తెలివిగల నిర్ణయము. కుడికన్ను పోయినను ఎడమకన్ను చూచును. రెండును పోయినను మనస్సు చూచును. పెఱికివేయవలసినది కన్ను కాదు, పాపమునకు దారితీయు అలవాటు. ప్రియమైనదైనను దానిని విడువవలెనని చెప్పుటకే కన్నంత ప్రియమైన అవయవమును పేర్కొనిరి.

రాయచోటి కోవెలలోని వీరభద్రుడు దక్షయజ్ఞమును ధ్వంసము చేయుటకై శివుని జటనుండి పుట్టెనని పురాణకథ. ఆ శివుడే మూడవకంటి మంటతో మన్మథుని భస్మము చేసెను. తరువాత నేమి జరిగెను? కాముడు చావలేదు; దేహము లేని అనంగుడై, కంటికి కానరాక, ఎల్లయెడల సంచరింప మొదలిడెను. కాల్చిన శివుడే పిమ్మట పార్వతిని పెండ్లాడెను. కామమును కేవలము కాల్చుటచే అది పోదనియు, కానరాని రూపమున మరల వచ్చుననియు, దాంపత్యధర్మమునందే దానికి తగిన చోటు కలదనియు ఈ కథను గ్రహింపవచ్చును. ప్రతితలంపును మహాపాపమని బాలురను భయపెట్టువారు దీని నాలోచింపవలెను. భయపడిన బాలుడు తలంపును మానడు, చెప్పుకొనుటను మానును.

ఇంతవఱకు చూచువానిని గూర్చి చెప్పితిని. ఇప్పుడు చూడబడు ఆమెను గూర్చి చెప్పవలెను. కొండమీది వాక్యములో స్త్రీకి ఏ యాజ్ఞయు లేదు. ఆమె యెట్టి చీర కట్టవలెనో, ఎప్పుడు బయటికి రావలెనో, ఎవరితో మాటలాడవలెనో అచ్చట చెప్పలేదు. భారమంతయు చూచువాని కన్నుపైననే పెట్టబడినది. ఇది ఆ కాలమునకు మాత్రమే కాదు, ఈ కాలమునకును విపరీతమైన మాట. ఆదికాండములో ఆదాము తాను పండు తిన్నందుకు కారణ మడుగగా, నీ విచ్చిన స్త్రీయే నాకిచ్చెనని స్త్రీపైనను దేవునిపైనను కూడ నెపము మోపెను. మనుష్యుని మొదటి సంజాయిషీ యదియే; అది నేటికిని పాతబడలేదు. క్రైస్తవసంఘము సైతము తన గురువు మాటను తానే మఱచినది. 200 ప్రాంతమున టెర్టులియను అను ప్రసిద్ధ రచయిత, స్త్రీ అపవాదికి వాకిలి యని వ్రాసెను. అగస్టీను తన యౌవనమున చాల యేండ్లు ఒక స్త్రీతో కాపురము చేసి కుమారుని కనెను; గొప్పయింటి సంబంధము కుదిరినప్పుడు ఆమెను ఆఫ్రికాకు తిరుగ పంపివేసిరి. ఇకపై పరపురుషు నెఱుగనని ఆమె ప్రతిన చేసి పోయెనని, తాను మాత్రము పెండ్లివఱకు ఆగజాలక వేఱొకతెను చేరదీసితినని ఆయనయే ఒప్పుకొనెను. లోకమంతయు చదివిన ఆ పశ్చాత్తాపగ్రంథములో ఆమె పేరు మాత్రము లేదు. మన వేమనయోగి యౌవనమున వేశ్యాలోలుడై పిదప విరక్తుడయ్యెనని చెప్పుకొను కథలోను, వేమన మాఱెను సరే, ఆ వేశ్య యేమయ్యెనని యడుగువారు అరుదు. పురుషుని పశ్చాత్తాపమునకు మెట్టుగ నిలిచిన స్త్రీని, మెట్టెక్కిన పిదప మఱచుట మన కందఱకును అలవాటైనది.

యోహాను సువార్తలో వ్యభిచారమున పట్టుబడిన స్త్రీ కథ కలదు. అతిప్రాచీనమైన గ్రీకు ప్రతులలో ఆ కథ లేదని పండితు లందురు. అయినను క్రైస్తవలోకము దానిని విడువజాలలేదు. మోషే శాస్త్రము పురుషునకును స్త్రీకిని సమానశిక్ష విధించినది. కాని జను లీడ్చుకొని వచ్చినది ఆమె నొక్కతెనే. ఆ పురుషుడేడి యని యెవ్వరును అడుగలేదు. రాళ్ళు పట్టినవారి చూపును యేసు ఆమె మీదినుండి తమ తమ మనస్సులమీదికి త్రిప్పెను. పెద్దవారు మొదలుకొని యొక్కొక్కరే వెడలిపోయిరి.

తెలుగునేలపైనను ఇట్టి పరీక్ష జరిగినది. 1893లో మద్రాసునందలి సంఘసంస్కర్తలు, అధికారులు భోగముమేళములకు పోరాదని రాజప్రతినిధికిని గవర్నరునకును మహజరులు పంపిరి. ఆ వేడుకలలో అనుచితమేమియు కానరాలేదని ప్రత్యుత్తరము వచ్చెను. క్రైస్తవకళాశాలలో మిల్లరుదొరకు శిష్యుడై, కాకినాడ కళాశాలకు అధ్యక్షుడై, 1939లో కీర్తిశేషుడైన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు ఈ యుద్యమమును తన జీవితవ్రతముగ చేసికొనెను. పురుషునకును స్త్రీకిని శీలధర్మ మొక్కటే యని ఆ మహనీయుని బోధ. యౌవనమునందే భార్యను కోల్పోయియు మరల వివాహమాడక, తాను చెప్పినదానిని తాను నడచి చూపెను. మద్రాసు రాష్ట్రమున 1947లో దేవదాసీ సమర్పణమును నిషేధించు చట్టము వచ్చినది. మన సీమలో, అనంతపురము కర్నూలు ప్రాంతములలో, బీదయింటి బిడ్డలను బసివిగ విడుచు నాచారము అంతటితో పోలేదు. 1988లో ఆంధ్రప్రదేశ శాసనసభ మరల చట్టము చేయవలసి వచ్చెను. ఆ సంస్కరణ న్యాయమైనదే. కాని అందొక లోపమును మన మొప్పుకొనవలెను. సానివాడలు మూతపడినప్పుడు జీవనమును, కళను, గౌరవమును ఒక్కమారుగ కోల్పోయినది స్త్రీలే. ముందువరుసలో కూర్చుండి చూచిన పెద్దమనుష్యుల గౌరవమునకు కొఱత రాలేదు. చూడబడినదానిని తొలగించిరి, చూచినవానిని అడుగలేదు. కొండమీది బోధ అడుగుమన్నది చూచినవానిని.

చట్టమునకు సాధ్యమైనంత చట్టము చేసినది. 1860లో పుట్టిన శిక్షాస్మృతిలోని 497వ సెక్షను పరభార్యతో కూడిన పురుషుని, ఆమె భర్త సమ్మతి లేనప్పుడు మాత్రమే శిక్షించుచుండెను. అనగా భార్య భర్తసొత్తని తలంచెను. 2018 సెప్టెంబరులో సుప్రీముకోర్టు ఆ సెక్షనును కొట్టివేసినది. ఇప్పుడు వ్యభిచారము విడాకులకు కారణము కావచ్చును గాని నేరము కాదు. దీనిచే ధర్మము చెడెనని కొందఱు శోకించిరి. అట్లనుకొన నక్కఱలేదు. పోలీసువాడు చూపును పట్టజాలడు. ఏ కోర్టును మనస్సును సోదా చేయజాలదు. చట్టము చేయి తీసిన చోటనే మనస్సాక్షి పని మొదలగును.

అయినచో మనస్సు నొకని స్వాధీనమున నుంచుకొనుట సాధ్యమా? రామమోహనరాయలవారు 1820లో యేసుని నీతిబోధలను ప్రత్యేకముగ కూర్చి ప్రకటించినప్పుడు సిరాంపూరు మిషనరీ యగు మార్ష్‌మనుతో పెద్దవాదము జరిగెను. నీతిబోధ యొక్కటియే చాలదనియు, పాపక్షమాపణను గూర్చిన సిద్ధాంతము లేక యది నిలువదనియు మార్ష్‌మనుని పక్షము. ఆ సిద్ధాంతముల జోలి ఇచ్చట నక్కఱలేదు. కాని అందొక సత్యమున్నది: చూపునే తీర్పులోనికి తెచ్చిన యాజ్ఞ యెదుట నిర్దోషి నని చెప్పగలవాడెవడు? ఎవడును లేడు. అందుచే ఈ యాజ్ఞ కఠినమైనంతగా దయకును తావిచ్చుచున్నది. అందఱును పుటములోనే యున్నారని యెఱిగినవాడు పొరుగువానిపై రాయి యెత్తడు. తన కన్నును గూర్చి కఠినముగను, పరుల కన్నును గూర్చి మెత్తగను ఉండుట ఈ బోధయొక్క ఫలము. ఇది అద్దమువంటిది, మన మొగము చూచుకొనుటకే గాని, పొరుగింటిలోనికి వెలుగు వేసి చూచుటకు లాంతరు కాదు.

ఆచరణకు వత్తము. తలంపుతో కుస్తీ పట్టుటకంటె దానికి వీపు చూపుట మేలు. యోసేపు యజమానుని భార్యతో వాదింపక, పైవస్త్రమును ఆమె చేతిలోనే విడిచి పారిపోయెను. ఒంటరితనము, అలసట, పనిలేని రాత్రి, ఈ మూడును కలిసిన గడియ ఏదో కనిపెట్టి, ఆ గడియకు ముందుగనే ఏదైన పని కల్పించుకొనవలెను. ఫోనులో వచ్చు అశ్లీలపుబొమ్మలను చూచువాడు, దీనివలన నెవ్వరికి నష్టమని యడుగును. ఆ తెరమీది స్త్రీ యిష్టముతో వచ్చినదో, అప్పునకు అమ్ముడుపోయినదో, ఆమె యెఱుగకయే ఆ బొమ్మ తీయబడినదో అతడెఱుగడు. అతని చూపునకు వెల కలదు. ఆ వెల నెవరో చెల్లించుచున్నారు. అన్నిటికంటె ముఖ్యము, నమ్మదగిన యొక్క మనుష్యునితోనైన మనస్సు విప్పి చెప్పుకొనుట. చీకటిలో పెరిగిన తలంపు వెలుగునకు వచ్చినప్పుడు సగము చచ్చును.

నేను ఆ యువకునితో ఈ మాటలనే సంగ్రహముగ చెప్పితిని. అతని మొగము కొంత తేటపడెను. అప్పుడు నేను, “నాయనా, నీ కన్ను వాకిటివఱకు పోయినదనియు, లోపలికి పోలేదనియు నీకొక లెక్క దొరకినది. ఆ లెక్క నీ భార్యకును వర్తించునా, లేదా? నాలుగేండ్లు నీ వొంటరిగ నుంటివి. ఆమె యెవరితో నుండెను?” అంటిని. అతడు మాటలాడలేదు. “నీ శోధనకు నీవు ఓదార్పు వెదకుచున్నావు. ఆమె శోధింపబడెనేమో యను తలంపునకే నిద్ర మానుచున్నావు. నిన్ను నిలిపిన దయయే ఆమెకును కావలెను గదా! నీ తల్లి నడుగక, ఆమెనే యడుగుము. అడుగుటకు ముందు నీ కన్నులను గూర్చి నీవు నాకు చెప్పినది ఆమెకు చెప్పుము.”

అది చేతిని బిగబట్టుటకంటె కష్టమైన పని యని యతడనెను. నిజమే. సెలవు ముగిసి మరల ప్రయాణమగుటకు ముందు నాకడకు వచ్చి, తాను ముందుగ తన సంగతి చెప్పితిననియు, ఆమె చాలసేపు ఊరక యుండి పిదప తన సంగతి చెప్పినదనియు మాత్రము పలికెను. ఆమె యేమి చెప్పెనో నేనడుగలేదు, అతడును చెప్పలేదు. అది వారిరువురిది. వచ్చుసారి ఎడబాటు రెండేండ్లు మీఱనీయరాదని యిద్దఱును నిశ్చయించుకొనిరట; మిద్దె పైయంతస్తు ఇప్పటికి మానుకొనిరట.

సోదరులారా, శోధన రానివాడు లేడు. వచ్చినందుకు సిగ్గుపడకుడు, పిలిచి పీట వేయకుడు. మీ చూపునకు మీరే కర్తలని యొప్పుకొనుడు. ఆ భారమును చూడబడినవారిపై మోపకుడు. మీ మనస్సున కే దయను కోరుదురో, దానిని మీ యింటనున్న స్త్రీకిని తక్కువకాకుండ కొలిచి యిండు. పరిశుద్ధహృదయుని కన్ను స్త్రీని చూడక తప్పించుకొను కన్ను కాదు. స్త్రీని మనుష్యురాలిగ చూడ నేర్చిన కన్ను.